నూకరత్నం పాడబోతోంది

తాను స్వతంత్ర సంగీత కళాకారిణినని నూకరత్నానికి యాభై నాలుగో ఏట తెలిసింది. తెలిసే వేళకి ఆమె మోకాలిలోతు బురదలో వంగి, ఎడంచేత నారు ఆకుకట్ట పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ తాతబ్బాయి గారి చేలో వరి ఊడుస్తోంది.

మొల్లేరులో ఊడ్పుల ముఠా అంటే నూకరత్నం ముఠాయే. పద్ధెనిమిది మంది ఆడవాళ్ళు. ఆమె ఒక చరణం ఎత్తుకుంటుంది, పదిహేడు గొంతులు అందుకుంటాయి. అందుకునే లోపల ఒక్కొక్కరూ నాలుగేసి కుదుళ్ళు నాటుతారు. చరణం తెగేచోట అందరూ ఒక్కసారే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ పాటకున్న పని అదే.

వంగవే వదినమ్మా వానొచ్చే
వెనకడుగు వేస్తేనే వెన్నొచ్చే

పాట నడుస్తున్నంతసేపూ పద్ధెనిమిది నడుములూ ఒక్క నడుమే. పాట ఆగిందా, చురుకైనవాళ్ళు చకచకా వెనక్కి పోతారు. నెమ్మదైన మనిషి చుట్టూ ఆకు నాటేసి ఉంటుంది, మధ్యలో ఆమె దిష్టిబొమ్మలా మిగిలిపోతుంది. ఇక అక్కడినుంచి నువ్వెంత నాటావు, నేనెంత నాటాను అని తగువు మొదలవుతుంది. తగువులో చేతులు ఆడవు, నోళ్ళే ఆడతాయి.

ఆ ఏడు తాతబ్బాయి గారి ముప్పై ఎకరాలూ ముఠా గుత్తకు ఒప్పుకుంది. గడువు పన్నెండు రోజులు. ఆ పైన ఆకు ముదిరిపోతుంది. మొదటి కట్ట చేనులో పడిన రోజునే ఆయన గట్టుమీద నిలబడి ఒక మాట చెప్పాడు.

"రత్నం, మా తోడల్లుడు ఊడ్పు మిషను పెట్టేశాడు. ఇద్దరు మనుషులతో తేలిపోయిందంట. నాకు మీరు అలవాటు కాబట్టి మీకిచ్చాను. పదమూడో రోజు పొద్దున్నకి ఒక్క మడి మిగిలినా నా చేలో కూడా మిషను దిగుద్ది. ఒకసారి దిగిందంటే ఇంక ఎక్కదు, ముందే చెబుతున్నాను."

"మిగలదండి బాబుగారూ," అంది నూకరత్నం. రోజుకి మూడెకరాలు ఆమె లెక్క. వాన కురిసినా ఎవరికైనా జ్వరం వచ్చినా రెండు రోజులు చేతిలో ఉంటాయి. వాన కురవచ్చునని లెక్కలో వేసుకుంది గానీ, సర్కారు కురుస్తుందని వేసుకోలేదు.

రెండో రోజు మధ్యాహ్నం కాలవగట్టు మీద బస్సు ఆగిపోయింది. అందులోంచి స్వతంత్ర కళాకారుల ప్రచార మండలి క్షేత్ర పరిశీలకుడు కూర్మారావు దిగాడు. ఎనిమిది నెలల్లో రిటైరు కాబోయే మనిషి. జిల్లాకు పదిమంది చొప్పున స్వతంత్ర సంగీత కళాకారులను నెలాఖరులోగా గుర్తించాలని మండలి వారి ఆదేశం. తొమ్మిదిమందిని గుర్తించాడు. వాళ్ళలో ఇద్దరు ఆయన బావమరుదులు. మూడో బావమరిది లేకపోవడంతో పదో పేరు ఖాళీగా ఉండిపోయింది.

బస్సు బాగయ్యేలోగా ఆయన చెవిన ఈ పాట పడింది. సంచీలోంచి ఫారం తీసి గట్టుమీదికి నడిచొచ్చాడు.

"ఏమ్మా, మీరు ఏ కంపెనీకి పాడుతున్నారు?"

"కంపెనీకి కాదండి. తాతబ్బాయి గారికండి."

"ఆయన మీ పాట మీద హక్కులేమైనా రాయించుకున్నారా?"

"ఊడ్పుకి మాట్టాడుకున్నారండి. పాట ఊరికేనండి."

"అయితే స్వతంత్రులే," అని కూర్మారావు సంతోషంగా రాసుకున్నాడు.

నూకరత్నం పక్కనే ఊడుస్తున్న బేబమ్మ నడుం ఎత్తింది. ముఠా అంతటికీ నోరు ఆవిడే. "విన్నారటే, మనం స్వతంత్రులమంట. సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాలి, ఆయనకీ సంగతి తెలీదు."

"ఉండవే. పేరు రాయించుకుంటే ఏమవుద్దండి?" అని నూకరత్నం అడిగింది.

"మండలి మీకు ప్రచారం చేస్తుంది. మీ పాట పది ఊళ్ళకు తెలుస్తుంది. నలుగురూ మిమ్మల్ని పిలుస్తారు."

ఆ ఆఖరి మాట నూకరత్నానికి నచ్చింది. తోడల్లుళ్ళందరి చేలల్లో మిషన్లు దిగుతున్న రోజుల్లో, పది ఊళ్ళవాళ్ళు ముఠాని పిలిస్తే ఇంక కావలసిందేముంది. చదువు లేదు గనుక బురద వేలితోనే పదకొండు కాగితాల మీద వేలిముద్రలు వేసింది. బురద బాగా పడుతోంది, సిరా కంటే నయమని కూర్మారావు మెచ్చుకున్నాడు.

మర్నాడు ఉపసంచాలకులు భానుమూర్తి గారు కారులో వచ్చారు. ఆయన మాట్లాడితే కాగితం మాట్లాడినట్టుండేది. గట్టు జారుతుందని ఇద్దరు పట్టుకోగా నిలబడి, ముఠానంతటినీ పిలిపించారు.

"అమ్మా, గతంలో కళాకారులు చేసిన చారిత్రక తప్పిదం ఏమిటంటే, పాట వచ్చింది కదా అని పాడేయడం. ఆధునిక ప్రచార వ్యూహంలో పాటది చివరి స్థానం. విడుదలకు ముందు ప్రకటన ఉంటుంది. ప్రకటనకు ముందు టీజరు ఉంటుంది. టీజరుకు ముందు సూచన, సూచనకు ముందు మౌనం. ప్రస్తుతం మీరు మౌన దశలో ప్రవేశించారు. ఇరవై ఒక్క రోజులు."

"ప్రవేశించి ఏం చెయ్యాలండి?"

"నమోదైన పాటను పాడకూడదు."

నూకరత్నం వెనక్కి తిరిగి ముఠాను చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది. "పాడకపోతే ఊడ్చేదెట్టాగండి?"

"ఊడ్పు వ్యవసాయ శాఖ పరిధిలోని అంశం. ఇక మీ పాటలో వెనకడుగు అనే పదం ఉన్నట్టు నివేదికలో చూశాను. అది ప్రగతికి విరుద్ధంగా ఉంది. ముందడుగు అని సవరించుకోవాలి."

"ముందుకి అడుగేస్తే నాటిన ఆకు తొక్కేత్తామండి."

"అది సాంకేతిక సమస్య. కమిటీ పరిశీలిస్తుంది," అని భానుమూర్తి గారు రాయించుకున్నారు. తరవాత ఆమె జీవితకథ అడిగారు. ప్రతి కళాకారిణికీ ఒక కథ ఉండాలట, శ్రోతలు పాట కంటే ముందు కథనే కొంటారట.

"కథేముందండి. పొద్దున్నే లేత్తాం. ఊడుత్తాం. వెళ్ళి కూడొండుకుంటాం."

"బురదలో పుట్టి బురదలో పెరిగిన తామర," అని ఆయన చెప్పగా పక్కనున్న గుమాస్తా రాశాడు.

"మా నాన్న వడ్రంగండి. బురదలో కాదు, పెంకుటింట్లో పుట్టానండి."

ఆ మాట గుమాస్తా రాయలేదు. ఫొటో తీయడానికి ఆమెను నిటారుగా నిలబెట్టి, ఆకాశం వైపు దూరంగా చూడమన్నారు. ఆమె చూసింది. చూసి, "వాన వత్తాదంటారా?" అని అడిగింది. ఆ అడిగే ముఖమే బాగుందని, అందులో ఆశ, ఆవేదన సమపాళ్ళలో ఉన్నాయని ఫొటో తీసిన అతను అన్నాడు.

పోతూ పోతూ భానుమూర్తి గారు పదకొండు కాగితాల్లోంచి ఒక నిబంధన జ్ఞాపకం చేశారు. పాట ముందుగా బయటికి పొక్కితే, అది పొక్కిన స్థలాన్ని విచారణ పూర్తయ్యేదాకా మూసివేస్తారు. చుట్టూ పసుపు రిబ్బను కట్టి, ఒక్కరినీ దిగనివ్వరు. మొన్న ఒక జిల్లాలో ఇలాగే ఒక కల్యాణ మండపం మూసేశారని, పెళ్ళికొడుకు ఇంకా లోపలే ఉన్నాడని ఆయన గుమాస్తా చెప్పాడు.

నిఘా కోసం కూర్మారావును గట్టుమీద ఉంచారు. ఒక కుర్చీ, ఒక గొడుగు, ఒక రిజిస్టరు ఇచ్చారు.

ఆ రోజు నూకరత్నం ఇంకో పాట ఎత్తుకుంది. ఆమె దగ్గర పాటలకు కరువేముంది. మూడెకరాలు అయ్యాయి. సాయంత్రం కూర్మారావు రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాసి ఫోన్లో పంపాడు. మర్నాడు పొద్దున్నకే ఉత్తర్వు వచ్చింది: సదరు గళము నుండి వెలువడు పాటలన్నియు సదరు పాటకు తోబుట్టువులుగా భావించవలెను. ప్రభుత్వ కాగితాలు ఆలస్యంగా వస్తాయని జనం అనుకుంటారు గానీ, అది పని చేయమనే కాగితాల సంగతి. ఆపమనే కాగితం ఎన్నడూ ఆలస్యం కాదు.

నాలుగో రోజు బేబమ్మ పాడింది. బేబమ్మ గొంతు ఎండిన బావిలో గిలక తిరిగినట్టుంటుంది, అయినా చరణం చరణమే. మూడెకరాలు అయ్యాయి. మర్నాటికి రెండో ఉత్తర్వు: వంత పాడువారందరూ భాగస్వామ్య గళములు.

ఐదో రోజు పాట మానేసి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటూ ఊడ్చారు. రెండెకరాలయింది. లయబద్ధమైన లెక్కింపు సంగీతమేనని మూడో ఉత్తర్వు.

ఆరో రోజు నాలుగు కుదుళ్ళకొకసారి అందరూ కలిసి "హుఁ" అన్నారు.

కూర్మారావు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఇది దేని కిందికొస్తుంది?"

"నడుం నెప్పండి," అంది బేబమ్మ.

"పద్ధెనిమిదిమందికీ ఒకేసారా?"

"ఒకేసారి వంగాం కదండి. ఒకేసారి నెప్పొత్తాది. నమ్మకపోతే దిగండి."

ఆయన దిగలేదు. పైకి రాసి పంపాడు. నిపుణుల కమిటీ ఆ పూటే సమావేశమై తేల్చింది. ఒక "హుఁ" శ్వాసక్రియ. సమాన వ్యవధిలో రెండు "హుఁ"లు సంగీతం.

ఏడో రోజు చేలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు బేబమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. నెమ్మదైన గంటాలమ్మ మధ్యలో చిక్కుకుపోయింది. పోలేరు, ఆమె తోడికోడలు ఒకరి వరసలో ఒకరు ఊడ్చేసుకుని, పాత పెళ్ళి గొడవ దగ్గర్నుంచి తవ్వి తిట్టుకున్నారు. ఆ తిట్లలో లయ ఉందేమోనని కూర్మారావు చెవి ఒగ్గి విని, లేదని తేల్చుకుని కూర్చున్నాడు. వరసలు పాము నడిచినట్టు వచ్చాయి. సాయంత్రానికి ఎకరన్నర.

ఈలోగా ప్రచారం మాత్రం దివ్యంగా సాగింది. బియ్యం మిల్లు గోడ మీద, బస్సు షెల్టరు మీద, పాలకేంద్రం తలుపు మీద నూకరత్నం ఆకాశంలోకి చూస్తోంది. కింద ఇంతింత అక్షరాలు: నూకరత్నం పాడబోతోంది. ముప్పై ఏళ్ళుగా ఆ చేల పక్కనుంచి సైకిలు దిగకుండా పోయినవాళ్ళు ఇప్పుడు ఆగి గట్టుమీద నిలబడుతున్నారు. పక్క ఊరినుంచి ఆటోలో వచ్చిన ఒకామె, నూకరత్నం పాడకుండా వంగి ఉండటం అరగంట చూసి, "ఎంత బాగా పాడట్లేదో," అని కళ్ళొత్తుకుంది. స్వయానా నూకరత్నం ఆడపడుచే వచ్చి, పాడే రోజున తనకు ముందు వరసలో చోటు కావాలంది.

"నువ్వు నాతో పదేళ్ళు ఊడ్చావు కదే. ఇనలేదా?"

"అప్పుడు ఊరికే ఇన్నాను వదినా. ఇప్పుడు ఎదురుచూసి ఇంటాను."

జనం తొక్కిడికి గట్టు రెండుచోట్ల తెగి, ఊడ్చిన మడిలోంచి నీళ్ళు పోయాయి. తాతబ్బాయి గారు మట్టి వేయించుకుంటూ నూకరత్నాన్ని చూశాడు.

"నేను పిలిచింది ఊడవడానికి రత్నం, జనాన్ని పోగేసి తీర్థం పెట్టడానికి కాదు. మిషను వాడికి బయానా ఇచ్చేశాను. పదమూడో రోజు పొద్దున్న ఇక్కడుంటాడు. మీరు ముగిస్తే తిరిగెళ్తాడు. నువ్వు ముఠా మేస్త్రివి, నీకు నేను చెప్పేదేముంది."

ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆయన మాట తప్పులేదు, అదే బాధ. పదిహేడుమంది ఆమె వేలిముద్ర వెనకాల నిలబడి ఉన్నారు. గంటాలమ్మ ఈ ఊడ్పుల మీద కోతలదాకా తింటుంది. మిషను ఇక్కడ దిగితే పక్క రైతు ఊరుకోడు, వచ్చే ఏటికి ముఠా అన్న మాటే ఉండదు.

ఎనిమిదో రోజు ముఠాని పనిలో ఉంచి, బేబమ్మను వెంటబెట్టుకుని నూకరత్నం జిల్లా ఆఫీసుకు వెళ్ళింది. మెట్ల దగ్గర కూడా ఆమె పోస్టరు ఉంది. గేటు మనిషి పోస్టరును చూసి, ఆమెను చూసి, "ఆవిడ కోసం మీరూ ఎదురుచూస్తున్నారా?" అని అడిగి, వరసలో నిలబడమన్నాడు.

భానుమూర్తి గారు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. గోడ మీద ఒక గీత కొండెక్కుతున్నట్టు పైకి పోతోంది.

"చూశారా. మీ పాట కోసం ఎదురుచూపు. జిల్లాలో నూటికి ఎనభై నాలుగు మంది. ఇంతవరకు ఏ స్వతంత్ర కళాకారుడికీ రాలేదు."

"సంతోషమండి. నా పేరు తీసెయ్యండి."

"తీసివేత అంటే అది కూడా ఒక విడుదలే అమ్మా. ప్రచారం లేకుండా తప్పుకోవడం నిబంధనలకు విరుద్ధం. తప్పుకోబోతోంది అన్న పోస్టరు పడాలి. దానికి నలభై రోజుల వ్యూహం ఉంది."

"అయితే ఆ ఇరవై ఒక్క రోజులైనా తగ్గించండి బాబూ. ఇంకా పన్నెండెకరాలుంది. నాలుగు రోజులే ఉన్నాయి."

భానుమూర్తి గారు చుట్టూ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "మీకు ముందుగా చెబుతున్నాను, బయట అనకండి. మిగతా తొమ్మిదిమంది పాటలూ విడుదల చేశాం. ఏమైందో తెలుసా? జనం విన్నారు. విని, బాగుందని, ఎవరి పనికి వాళ్ళు పోయారు. మర్నాటికి ఎదురుచూపు సున్నా. గీత నేలమట్టం. మా కృషి అంతా పాట వల్ల నాశనమైంది. అందుకని పైవారు లోతుగా ఆలోచించి, మీ పాటను అసలు విడుదల చేయకూడదని నిర్ణయించారు. మౌన దశను శాశ్వతం చేస్తున్నాం. ఉత్తమ గాయని బహుమతి కూడా మీకే."

నూకరత్నం గోడ మీది గీతను మళ్ళీ చూసింది. "పాడకుండానా అండి?"

"పాడకుండా ఉన్నందుకు."

"మరి ఇంక పాటెందుకండి?"

"పాట ఉండాలమ్మా. ఉందన్న నమ్మకం జనంలో ఉండాలి. బయటికి మాత్రం రాకూడదు."

"మా అత్త నగల్లాగన్నమాట," అంది బేబమ్మ. "ముప్పై ఏళ్ళయింది కాపరానికొచ్చి. ఉన్నాయనే అంటాది."

"సరిగ్గా గ్రహించారు," అన్నారు భానుమూర్తి గారు.

తిరుగు బస్సులో బేబమ్మ మండలిలో ఒక్కొక్కరినీ వరసబెట్టి తిట్టింది. నూకరత్నం కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. ఒకచోట మిషను ఊడ్చిన చేను కనబడింది. వరసలు తిన్నగా ఉన్నాయి. అందులో ఒక్క మనిషీ లేదు.

"పాడేద్దామే," అంది బేబమ్మ. "ఏం చేత్తారు?"

"రిబ్బను కట్టేత్తారు. తెల్లారేసరికి మిషనూ దిగడానికుండదు, మనమూ దిగలేం. తాతబ్బాయి గారి ఆకంతా గట్టుమీదే పండిపోద్ది. ఆయన అన్నం తిన్నాం."

తొమ్మిదో రోజు పొద్దున్న ముఠా చేలో దిగింది. రెండు వరసలు వేసేసరికే గంటాలమ్మ మళ్ళీ మధ్యలో ఇరుక్కుంది. గట్టుమీద కూర్మారావు కుర్చీ వేసుకుని, రిజిస్టరులో తేదీ వేశాడు. నూకరత్నం నడుం ఎత్తి ఆయన వైపు తిరిగింది.

"బాబూ, నేను పదకొండు కాయితాల మీద వేలేశాను. అందులో ఏం రాశారో ఇవాళ్టిదాకా నాకు ఒక్కరూ చదివి చెప్పలేదు. మీరొక్కళ్ళే చదువొచ్చినవాళ్ళు. చదవండి. నేనేం తప్పు చేశానో ఇంటాను. పని ఆపను లెండి, చెవులు ఖాళీగానే ఉన్నాయి."

కూర్మారావుకు ఇది సబబుగా తోచింది. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన వేల కాగితాలు పంపాడు, చదివి వినిపించమని అడిగిన మనిషిని ఇప్పుడే చూశాడు. ఉపసంచాలకుల వారి సంతకమున్న ఆ కాగితాల నకలు సంచీలోంచి తీసి, కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. చేను పెద్దది కనుక గట్టిగానే ఎత్తాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది ఏమనగా..."

నూకరత్నం వంగింది. చేతులు కదిలాయి.

"సదరు కళాకారిణి, సదరు గళముతో, సదరు స్థలమునందు, పాడరాదు."

మూడు సదరులకు మూడు కుదుళ్ళు, పాడరాదు దగ్గర నాలుగోది. అడుగు వెనక్కి.

ఆమె తల తిప్పి చూసింది. పక్కన బేబమ్మ అడుగు కూడా అప్పుడే వెనక్కి పడింది. బేబమ్మ పక్కన పోలేరుది. బేబమ్మ నోరు తెరవబోయి, నూకరత్నం చూపు చూసి మూసేసింది.

"పాడినచో, పాడించినచో, పాడుటకు సహకరించినచో, శిక్షార్హులు కాగలరు."

నాలుగు కుదుళ్ళు. అడుగు వెనక్కి.

ఏడో కాగితం దగ్గరికొచ్చేసరికి అందులో ఇలా ఉంది: ప్రతి నిబంధననూ కళాకారులు విని, గ్రహించి, గ్రహించినట్టు నిదర్శనంగా బిగ్గరగా తిరిగి చెప్పవలెను. కూర్మారావు చదివి ఆగాడు. తను ఇన్నాళ్ళూ ఈ నిబంధన అమలు చేయలేదని ఆయనకు దిగులు పట్టుకుంది.

"మొదట్నుంచీ చదవండి బాబూ," అంది నూకరత్నం. "తిరిగి చెబుతాం. రూలు రూలే కదా."

"సదరు కళాకారిణి సదరు గళముతో..."

"సదరు స్థలమునందు పాడరాదు," అని పద్ధెనిమిది గొంతులు అందుకున్నాయి.

ఆ రోజు మూడెకరాలు అయింది.

సాయంత్రం కూర్మారావు రిజిస్టరు ముందు చాలాసేపు కూర్చున్నాడు. సంగీతం జరిగినదా అని అందులో ఒక గడి ఉంది. జరిగిందని రాస్తే, ఉపసంచాలకుల వారి ఉత్తర్వు సంగీతమని రాసినట్టు. అలా రాసిన ఉద్యోగికి పింఛను వచ్చిన దాఖలా ఆయనకు తెలియదు. లేదు, ఉత్తర్వుల పఠనం జరిగినది, అని రాసి సంతకం చేశాడు. పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

పదో రోజు ఆయన గొంతు బొంగురుపోయింది. బేబమ్మ తన క్యారేజీలోంచి అల్లం మజ్జిగ పోసిచ్చింది. "కాస్త ఆ తెలియజేయడమైనదిని సాగదీయండి బాబుగారూ. గంటాలమ్మకి అడుగు అందట్లేదు." ఆయన సాగదీశాడు. పదకొండో రోజుకి కాగితం చూడకుండానే చదువుతున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎత్తుకోవాలో ఆయనకు తెలిసిపోయింది. ఎవరూ అడగకుండానే కుర్చీ వదిలేసి, గట్టుమీద వాళ్ళతోపాటే వెనక్కి నడుస్తూ చదివాడు. ఒకసారి గట్టు పక్క నీళ్ళ బోదెలో పడ్డాడు. లేచి, పడిన చోటినుంచే అందుకున్నాడు.

పన్నెండో రోజు పొద్దువాలే వేళకి ఒకే ఒక్క మడి మిగిలింది, ముప్పై సెంట్లు. రోడ్డు మీద ట్రాక్టరు ఆగింది. దాని మీద ఎర్రరంగు మిషను కొత్త పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. మిషను వాడు ఒక రాత్రి ముందే వచ్చేశాడు. తాతబ్బాయి గారు వాడి పక్కన చేతులు కట్టుకుని చేను వంక చూస్తున్నాడు.

అప్పుడే భానుమూర్తి గారి కారు వచ్చింది. కారు దిగుతూనే ఆయన చెవిన పడింది. ఎవరో గొంతెత్తి ఎత్తుకోవడం, చేను చేనంతా అందుకోవడం. ఆయన ముఖం ఎర్రబడింది. గట్టు జారుతుందన్నది కూడా మర్చిపోయి గబగబా వచ్చారు.

"ఏమిటిది? ఎవరిదీ పాట?"

"తమరిదేనండి," అంది బేబమ్మ.

కూర్మారావు కాగితం అందించాడు. ఆయన చదివారు. కింద సంతకం చూసుకున్నారు. ముఠా మర్యాదగా ఆగి, నడుములెత్తి నిలబడింది.

"పఠనం ఆపండి," అన్నారు ఆయన.

"నోటిమాట చెల్లదండి," అని కూర్మారావు వినయంగా చెప్పాడు. "పదకొండో కాగితంలో ఉందండి. ఏ ఉత్తర్వైనా లిఖితపూర్వకంగా ఉండాలి. కళాకారులకు పూర్తిగా చదివి వినిపించాకే అమలులోకి వస్తుంది."

భానుమూర్తి గారు కారు మీద కాగితం పెట్టుకుని, అక్కడికక్కడే రాయడం మొదలుపెట్టారు. ఆయన కోపంలో కూడా క్లుప్తంగా రాయలేరు. పైన ఉటంకించిన, క్రింద పేర్కొన్న, ఇదివరకే తెలియజేసిన, ఇకమీదట తెలియజేయబోవు అన్నవేవీ వదలకుండా రాశారు. రాస్తున్నంతసేపూ పొద్దు దిగుతోంది. ట్రాక్టరు వాడు ఇంజను వేశాడు. నూకరత్నం చేతిలో ఆకుకట్ట విప్పి పట్టుకుని, కారు వంకా మడి వంకా చూస్తూ నిలబడింది.

సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆయన కాగితాన్ని కూర్మారావు చేతిలో పెట్టారు. "తక్షణమే చదివి అమలు చేయండి."

"ఎన్ని పేజీలండి?" అని నూకరత్నం అడిగింది.

కూర్మారావు తిప్పి చూశాడు. "రెండమ్మా."

ఆమె మడిని ఆ గట్టునుంచి ఈ గట్టుదాకా కళ్ళతో కొలిచింది. చీరకుచ్చెళ్ళు ఇంకాస్త పైకి దోపుకుంది.

"అయితే రెండుసార్లు చదవాలండి బాబూ. ముసలిముండని, ఒక్కసారికి బుర్రకెక్కదు."

కూర్మారావు కాగితం ఎత్తి పట్టుకున్నాడు. పద్ధెనిమిది నడుములూ వంగాయి.